మూస ముద్రలు, సొంత గుర్తింపు: యువతతో వర్క్‌షాప్ నడిపే పద్ధతి

రాయలసీమ అనగానే వేటకొడవళ్లు, గాల్లోకి లేచే సుమోలు గుర్తొచ్చేలా తెలుగు సినిమా ఒక తరాన్ని తయారుచేసింది. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2002లో ‘ఆది’, ‘ఇంద్ర’ ఘనవిజయం సాధించాయి. ఆ తర్వాత సీమ నుంచి వెళ్లి ఏ హైదరాబాద్ హాస్టల్లోనో చేరిన కుర్రాడికి ‘మీ ఊళ్లో బాంబులేసుకుంటారంట కదా’ అన్న పలకరింపు మామూలైపోయింది. అన్నమయ్య పుట్టిన తాళ్లపాక ఆ సీమలోదే. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ ‘జనగణమన’ను ఇంగ్లిష్‌లోకి తెచ్చుకున్న మదనపల్లె కూడా అక్కడిదే. అవి మాత్రం ఎవరికీ గుర్తురావు. తెలంగాణ యాసకూ ఇదే గతి పట్టింది. దశాబ్దాల పాటు తెరమీద అది రౌడీ నోటనో, నవ్వించే పాత్ర నోటనో వినిపించేది. బాన్సువాడ పిల్ల తన యాసలోనే మాట్లాడుతూ కథానాయికగా నిలబడిన ‘ఫిదా’ 2017లో వచ్చింది.

ఒక ప్రాంతం, కులం, మతం, లింగం, వృత్తి, ఒంటిరంగు ఏదో ఒకటి చూసి, ఆ గుంపులో అందరిదీ ఒకటే గుణమని ముందే తీర్మానించుకోవడాన్ని మూస అభిప్రాయం లేదా స్టీరియోటైప్ అంటారు. అమెరికన్ పాత్రికేయుడు వాల్టర్ లిప్‌మన్ 1922లో రాసిన ‘పబ్లిక్ ఒపీనియన్’ పుస్తకంతో ఈ భావన సామాజిక శాస్త్రాల్లోకి వచ్చింది. మనుషులు లోకాన్ని చూశాక నిర్వచించుకోరనీ, ముందే నిర్వచించుకుని ఆ తర్వాత చూస్తారనీ ఆయన వాదన. సొంత గుర్తింపు దీనికి ఎదురుగా నిలుస్తుంది. ‘నేనెవరు’ అన్న ప్రశ్నకు మనిషి తనంతట తాను వెతుక్కునే జవాబు అది. కౌమారంలోనే ఈ వెతుకులాట అన్నిటికన్నా తీవ్రంగా ఉంటుందని మనోవిశ్లేషకుడు ఎరిక్ ఎరిక్‌సన్ 1968లో వెలువడిన ‘ఐడెంటిటీ: యూత్ అండ్ క్రైసిస్’లో వివరించాడు. బయటివాళ్లు అంటించిన ముద్రకూ లోపలి జవాబుకూ మధ్య నలిగే వయసు అది. భారత జాతీయ యువజన విధానం (2014) 15 నుంచి 29 ఏళ్ల వారిని యువత అంటుంది. మూసలు, గుర్తింపు గురించి నడిపే వర్క్‌షాపులు మాత్రం ఏడో తరగతి నుంచే మొదలవుతున్నాయి. అలా మొదలుకావడమే మంచిది.

ముద్ర చట్టమైనప్పుడు

మూస అభిప్రాయం ఉత్త వెక్కిరింపుతో ఆగిపోతుందనుకునేవారికి బాపట్ల దగ్గరి స్టువర్టుపురం చరిత్ర చెప్పాలి. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చింది. దాని ప్రకారం కొన్ని తెగల్లో పుట్టినవాళ్లు పుట్టుకతోనే నేరస్థులు. 1911లో ఆ చట్టం మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తించింది. ఉప్పు, ధాన్యం మోసుకుంటూ ఊరూరా తిరిగి బతికిన ఎరుకల కుటుంబాలను తెచ్చి 1913లో ఏర్పరచిన స్టువర్టుపురం సెటిల్‌మెంట్‌లో ఉంచి, నిర్వహణను సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. హెరాల్డ్ స్టువర్ట్ అనే అధికారి పేరు ఆ ఊరికి స్థిరపడింది. హాజరు వేయించుకోవడం, అనుమతి లేకుండా గడప దాటకపోవడం అక్కడి జీవితంలో భాగమయ్యాయి.

స్వాతంత్ర్యం వచ్చాక, 1952లో, చట్టం రద్దయింది. ముద్ర రద్దు కాలేదు. గుర్రం జాషువా కుమార్తె హేమలతా లవణం, ఆమె భర్త లవణం 1970లలో అక్కడికి వెళ్లి సంస్కరణ కార్యక్రమం మొదలుపెట్టారు. పునరావాసంతో పాటు, ఆ ఊరి మనుషులను బయటి లోకం చూసే చూపును మార్చడం కూడా వారికి పెద్ద పని అయింది. సినిమా మాత్రం స్టువర్టుపురాన్ని దొంగల ఊరిగానే 1991లో ఒకసారి, 2023లో మరోసారి తెరకెక్కించింది. ఊరి పేరు చెప్పుకోవడానికి తటపటాయించే పిల్లవాడి ముందు నిలబడి ‘నీ గుర్తింపును చూసి గర్వపడు’ అని చెప్పడం తేలిక. అతను ఎందుకు తటపటాయిస్తున్నాడో తెలుసుకుని గదిలోకి రావడం కష్టం. వర్క్‌షాప్ నడిపేవారికి స్థానిక చరిత్ర తెలిసి ఉండాలనడానికి కారణం ఇదే.

గుంపును పొగిడే మూసలు కూడా భారమే. 1966లో సామాజిక శాస్త్రవేత్త విలియం పీటర్సన్ జపనీస్ అమెరికన్ల విజయాల గురించి రాసిన వ్యాసంతో ‘మోడల్ మైనారిటీ’ (ఆదర్శ అల్పసంఖ్యాకులు) అన్న ఊహ ప్రచారంలోకి వచ్చింది. క్రమంగా అది భారతీయులకూ అంటుకుంది. అమెరికాలో పెరిగే తెలుగు పిల్లలకు లెక్కలు రావాలి, స్పెల్లింగ్ పోటీల్లో గెలవాలి, ఇంజనీరో డాక్టరో కావాలి. విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఇంటర్ చదివే పిల్లలకు ఈ ఒత్తిడిని విడమరిచి చెప్పక్కర్లేదు.

తరగతి గదిలో పుట్టిన ప్రయోగాలు

ఈ రంగంలో అందరూ మొదట చెప్పుకునే పేరు జేన్ ఎలియట్. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగింది. మర్నాడు అయోవా రాష్ట్రంలోని రైస్‌విల్ అనే చిన్న ఊళ్లో మూడో తరగతి టీచరైన ఆమె పిల్లలను కళ్ల రంగును బట్టి రెండుగా విడదీసింది. ఒక రంగు కళ్లవాళ్లు తెలివైనవారని చెప్పి ఆటస్థలంలో ఎక్కువసేపు ఉండనిచ్చింది, రెండో జట్టును చిన్నచూపు చూసింది. తర్వాత పాత్రలు తారుమారు చేసింది. గంటల్లోనే ‘తక్కువ’ జట్టు పిల్లలు ముడుచుకుపోయారు, చదువులో తడబడ్డారు. ‘ఎక్కువ’ జట్టువాళ్లు నిన్నటి స్నేహితులనే కసిరారు. ఈ అభ్యాసంపై 1970లో ఒకటి, 1985లో ‘ఎ క్లాస్ డివైడెడ్’ పేరుతో మరొకటి డాక్యుమెంటరీలు వచ్చాయి.

ఎలియట్ ధైర్యం గొప్పది. అయినా ఆ అభ్యాసాన్ని ఇవాళ యథాతథంగా నడపకూడదు. ఎనిమిదేళ్ల పిల్లలను మోసపుచ్చి, అవమానించి పాఠం చెప్పడం న్యాయమేనా అన్న ప్రశ్న అప్పటి నుంచీ ఉంది. భారతదేశంలోనైతే నిజమైన అవమానాన్ని రోజూ ఇంటికి మోసుకెళ్లే పిల్లలు అదే గదిలో కూర్చుని ఉంటారు. పైకులం పిల్లవాడికి ఒక్కపూట అనుభవం చూపించడానికి వారిని మరోసారి గాయపరిచే హక్కు ఎవరికీ లేదు.

సామాజిక మనస్తత్వవేత్త హెన్రీ తాజ్‌ఫెల్ కథ ఇంతకన్నా లోతైనది. పోలండ్‌లో పుట్టిన ఈ యూదు రెండో ప్రపంచయుద్ధంలో ఫ్రెంచ్ సైన్యంలో చేరి జర్మన్లకు బందీగా చిక్కాడు. పోలిష్ యూదునని బయటపడనీయకుండా, ఫ్రెంచి పౌరుడిగా చెలామణి అయి ప్రాణం దక్కించుకున్నాడు. తిరిగొచ్చేసరికి దాదాపు తనవాళ్లంతా హతమైపోయారు. ఏ గుంపు పేరు చెబితే బతుకో, ఏది చెబితే చావో తేలిపోయే స్థితిని చూసిన ఆ మనిషి తర్వాత బ్రిస్టల్‌లో బడి కుర్రాళ్లపై ప్రయోగాలు చేశాడు. పాల్ క్లే బొమ్మలు నచ్చినవాళ్లు, కాండిన్‌స్కీ బొమ్మలు నచ్చినవాళ్లు అంటూ వాళ్లను విడదీశాడు. నిజానికి ఆ విభజన యాదృచ్ఛికంగా చేసిందే, ఇష్టాలతో సంబంధం లేదు. అయినా డబ్బు పంచమన్నప్పుడు కుర్రాళ్లు తమ గుంపు వైపే మొగ్గారు. గుంపు ముఖమైనా చూడలేదు, పాతపగలు లేవు, సొంత లాభం లేదు. ఒక పేరు సరిపోయింది.

పేరు విడదీయగలిగితే, పని కలపగలదని చూపినవాడు మనస్తత్వవేత్త ఎలియట్ ఆరన్‌సన్. 1971లో టెక్సాస్‌లోని ఆస్టిన్ బడుల్లో నల్లజాతి, శ్వేతజాతి, మెక్సికన్ మూలాల పిల్లలు ఒకే తరగతిలోకి వచ్చారు, కొట్లాటలు మొదలయ్యాయి. ఆరన్‌సన్ బృందం పాఠాన్ని ముక్కలు చేసి, అయిదారుగురి జట్టులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇచ్చింది. పక్కవాడు తన ముక్క చెప్పకపోతే ఎవరికీ పాఠం పూర్తికాదు. ‘జిగ్‌సా’ అని పేరుపడిన ఈ పద్ధతికి ఖర్చు లేదు, అరవైమంది కూర్చునే మన ప్రభుత్వ బడిలో కూడా నడుస్తుంది. మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే ‘ది నేచర్ ఆఫ్ ప్రెజుడిస్’లో చెప్పిన షరతులన్నీ ఇందులో ఇమిడి ఉన్నాయి: కలిసినవాళ్లు సమాన స్థాయిలో ఉండాలి, లక్ష్యం ఉమ్మడిగా ఉండాలి, పోటీ పడకుండా సహకరించుకోవాలి, పెద్దల అండ ఉండాలి.

గదిలోకి వెళ్లేముందు

ఇరవై నుంచి ముప్పైమంది, గుండ్రంగా వేసిన కుర్చీలు లేదా చాపలు, మూడు గంటలకు తగ్గని సమయం. ఇంతకు మించి సరంజామా అక్కర్లేదు. నడిపేవారు ఇద్దరుంటే మంచిది, వారిలో ఒకరు స్త్రీ అయితే మరీ మంచిది. ఒకరు మాట్లాడిస్తుంటే రెండోవారు మౌనంగా ఉన్నవాళ్లను కనిపెట్టుకుని ఉంటారు. తెలుగు రాష్ట్రాల్లో స్వచ్ఛంద సంస్థల తరఫున ఈ పని చేసేవారిని పిల్లలు సార్, మేడమ్ అనకుండా అన్నా, అక్కా అని పిలవడం చాలాచోట్ల అలవాటు. ఆ పిలుపుతో సగం బెరుకు పోతుంది.

అతి పెద్ద ప్రమాదం పరిచయాల దగ్గరే పొంచి ఉంటుంది. ‘పూర్తి పేరు, ఊరు, నాన్నగారు ఏం చేస్తారో చెప్పండి’ అనడం మర్యాదగానే వినిపిస్తుంది. కానీ తెలుగునాట ఇంటిపేరు చెబితే కులం సగం తెలిసిపోతుంది. ఊళ్లో ఏ వీధో, తండ్రి వృత్తేమిటో చెబితే మిగతా సగం. ఆర్థికవేత్తలు కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో ఆరు, ఏడు తరగతుల కుర్రాళ్లతో చిక్కుదారి బొమ్మలు పరిష్కరింపజేసి 2000లలో ప్రచురించిన పరిశోధన ఈ విషయంలో కళ్లు తెరిపిస్తుంది. కులం ప్రస్తావన లేనప్పుడు పైకులాల పిల్లలూ, అణగారిన కులాల పిల్లలూ సమానంగా చేశారు. ఆట మొదలుకాకముందు అందరి ఎదుటా తండ్రి పేరు, కులం చదివాక అణగారిన కులాల పిల్లల ఫలితాలు పడిపోయాయి. పిల్లల తెలివిలో మార్పేమీ లేదు, గదిలో పలికిన ఒక్కమాటే తేడా. అందుకే అనుభవమున్నవారు పిలిచే పేరు ఒక్కటే అడుగుతారు, దానికి తోడు తనకు ఇష్టమైన పని ఒకటి చెప్పమంటారు. కులం, మతం గురించి మాట్లాడకూడదని దీని అర్థం కాదు. వాటి గురించి తప్పక మాట్లాడాలి. ఎప్పుడు, ఎంతవరకు చెప్పుకోవాలో నిర్ణయించుకునే అధికారం మాత్రం ఆ పిల్లదే, ఆ పిల్లవాడిదే.

మొదటి అరగంటలో ఒప్పందాలు రాసుకుంటారు. ఒకరు మాట్లాడుతుంటే అడ్డు రాకూడదు, ఇక్కడ విన్నది బయట వెక్కిరింపుకు వాడకూడదు, ఇష్టం లేనివారు ‘నేను చెప్పను’ అనవచ్చు. వీటిని పిల్లల నోటనే పలికించి, వాళ్ల చేతే చార్టు మీద రాయిస్తే ఆ మాటకు విలువ ఉంటుంది. గోప్యత విషయంలో ఒక మినహాయింపును మొదటే చెప్పాలి. పద్దెనిమిదేళ్లు నిండనివారి మీద లైంగిక దాడి జరుగుతోందని తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం దాన్ని దాచిపెట్టడం నేరం. పిల్లల సహాయానికి 1098, మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416 నంబర్లు గోడమీద పెద్ద అక్షరాల్లో ఉండాలి.

ఆటలు, వాటి వెనక మాటలు

గుర్తింపు పటంతో మొదలుపెట్టడం మేలు. కాగితం మధ్యలో పేరు రాసి, చుట్టూ తనను తాను ఏమేమని అనుకుంటారో రాయాలి: అక్క, కబడ్డీ ఆటగత్తె, ముస్లిం, కోనసీమ పిల్ల, లెక్కలంటే భయపడే మనిషి, మహేశ్ బాబు అభిమాని. తర్వాత వేరే రంగు పెన్నుతో ఇతరులు తనను ఏమని పిలుస్తారో రాయాలి. రెండు రంగులు ఎక్కడ కలిశాయి, ఎక్కడ ఢీకొన్నాయి అని ఇద్దరిద్దరుగా మాట్లాడుకుంటారు. పటాన్ని చూపించాలన్న నియమం లేదు, దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నా సరే. ఒక మనిషిలో ఒకేసారి ఎన్నో గుర్తింపులుంటాయని, వాటిని ఒక్కదానికి కుదించడంలోనే హింస మొదలవుతుందని అమర్త్య సేన్ 2006లో ‘ఐడెంటిటీ అండ్ వయొలెన్స్’లో వాదించాడు. 1944లో ఢాకాలో పనికోసం హిందువుల పేటకు వచ్చి కత్తిపోట్లకు గురై, చిన్నప్పటి తన ఇంటి గుమ్మంలోకి వచ్చిపడిన ఖాదర్ మియా అనే కూలీని ఆయన అందులో గుర్తుచేసుకున్నాడు. ఆకలితో ఉన్న పిల్లల కోసం బయటికొచ్చిన తండ్రి, పేద కూలీ. చంపినవాళ్లకు అతనిలో ముస్లిం ఒక్కడే కనిపించాడు. పదో తరగతి దాటినవారికి ఈ ఉదంతం తప్పక చెప్పాలి.

ఐరోపా మండలి 2002లో వెలువరించిన ‘కంపాస్’ అనే మానవ హక్కుల బోధనా గ్రంథంలో ‘ఒక అడుగు ముందుకు’ అన్న ఆట ఉంది. ఒక్కొక్కరికి ఒక్కో పాత్ర రాసిన చీటీ ఇస్తారు, ఎవరిదేమిటో బయటపెట్టరు. ‘పోలీస్ స్టేషన్‌కు వెళ్తే నా మాట వింటారు’, ‘రాత్రి వీధిలో ఒంటరిగా నడవగలను’ వంటి వాక్యాలు చదువుతుంటే, ఆ పాత్రకు అది నిజమైతే ఒక అడుగు ముందుకు వేయాలి. మన చోట చీటీలను స్థానికంగా రాసుకోవచ్చు: చెంచు గూడెం అమ్మాయి, ఎమ్మెల్యే కొడుకు, డెలివరీ పనిచేస్తూ డిగ్రీ చదివే కుర్రాడు, పాతబస్తీలో టైలర్ కూతురు, చక్రాల కుర్చీలో ఉన్న విద్యార్థి. ఆట ముగిసేసరికి కొందరు గోడదాకా చేరతారు, కొందరు కదలరు. అసలు పని అప్పుడే మొదలవుతుంది. ‘వెనక ఉన్నప్పుడు ఎలా అనిపించింది’ అనే ప్రశ్న కన్నా, ‘ముందుకు వెళ్తున్నప్పుడు ఎవరైనా వెనక్కి తిరిగి చూశారా’ అనే ప్రశ్న ఎక్కువమందిని నిజాయితీగా మాట్లాడిస్తుంది. ‘ఆ పాత్ర జీవితం నీకు ఎక్కడ తెలిసింది, సినిమాలోనా, పక్కింట్లోనా’ అన్నది ఆ తర్వాత అడగాలి. ఆటకు ఇరవై నిమిషాలిస్తే చర్చకు నలభై ఇవ్వాలి. తొందరపడి ఈ భాగాన్ని కత్తిరించే శిక్షకులు, మేలు చేసే భాగాన్నే కత్తిరిస్తున్నారు.

బ్రెజిల్ నాటకకర్త అగస్టో బోల్ రూపొందించిన ఫోరం థియేటర్ మరో సాధనం. అన్యాయం జరిగే చిన్న సన్నివేశం ఆడతారు. రెండోసారి ఆడేటప్పుడు చూస్తున్నవారు ‘ఆపు’ అని అరిచి, బాధిత పాత్రలోకి వచ్చి వేరే దారి ప్రయత్నిస్తారు. వీధినాటకం, ప్రజానాట్యమండలి తెలిసిన నేల కాబట్టి తెలుగు పిల్లలు ఇందులో ఇట్టే ఒదిగిపోతారు. 2000లో డెన్మార్క్‌లోని రోస్కిల్డే సంగీతోత్సవంలో మొదలైన ‘హ్యూమన్ లైబ్రరీ’లో మనుషులే పుస్తకాలు. ముద్రలు మోసిన వ్యక్తి ఎదురుగా కూర్చుంటే, పాఠకుడు అరగంట ప్రశ్నలు అడుగుతాడు. హైదరాబాద్‌లో కూడా ఇది జరిగింది.

నోటికొచ్చిన మూసలన్నీ బోర్డుమీద రాయించే అలవాటు గురించి ఒక హెచ్చరిక అవసరం. ‘అందరూ మూసగానే ఆలోచిస్తారు’ అని చెప్పడం వల్ల జనం జాగ్రత్తపడకపోగా మరింత మూసగా ప్రవర్తించారని పరిశోధకులు మిషెల్ డుగిడ్, మెలిసా థామస్‌హంట్ 2015లో చూపించారు. అందరూ చేసేదే కదా అన్న భరోసా దొరుకుతుంది. బోర్డుమీద ఒక మూస రాస్తే, దాన్ని కాదని బతుకుతున్న మనుషుల ఉదాహరణలు పక్కనే పడాలి. ‘ఆడపిల్లలు కొండలెక్కలేరు’ అన్నది పడితే, 2014 మే 25న పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ పేరు పక్కన రావాలి. నిజామాబాద్ జిల్లా గిరిజన కుటుంబం నుంచి వచ్చిన ఆమె సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంది. ఆ గురుకులాల పిల్లలు ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ కార్యదర్శిగా ఉన్న కాలంలో ‘స్వేరో’ అన్న కొత్త పేరు స్వీకరించారు, చాలామంది దాన్ని తమ పేరు చివర తగిలించుకున్నారు. ‘వెల్ఫేర్ హాస్టల్ పిల్లలు’ అన్న చిన్నచూపుకు జవాబుగా తామే ఒక పేరు ఎంచుకోవడం సొంత గుర్తింపుకు తెలుగునేల మీద దొరికే గొప్ప ఉదాహరణల్లో ఒకటి.

చర్చ మధ్యలో ఎవరో ఒకరు నొప్పించే మాట అనే తీరతారు. ‘రిజర్వేషన్ వాళ్లకు మార్కులు రాకపోయినా సీట్లొస్తాయి’ అనో, ‘ఈశాన్యం వాళ్లంతా చైనీయుల్లా ఉంటారు’ అనో. అన్నవాణ్ణి అందరిముందు కడిగేస్తే గది మూగబోతుంది, విననట్టు వదిలేస్తే గాయపడినవారు ఇక నోరు తెరవరు. ‘ఆ మాట ఎక్కడ విన్నావు’ అని నెమ్మదిగా అడిగి, వాస్తవాన్ని ముందుంచాలి. 2014 జనవరిలో అరుణాచల్ విద్యార్థి నిడో తానియా దిల్లీలో తన జుట్టు గురించి ఎగతాళితో మొదలైన గొడవలో దెబ్బలు తిని చనిపోయాడనీ, ఆ తర్వాత ఈశాన్యం వారి సమస్యలను పరిశీలించడానికి కేంద్రం బెజ్‌బరువా కమిటీ వేయవలసి వచ్చిందనీ చెబితే ‘సరదాకి అన్నాను’ అన్న సాకు నిలబడదు. గాయపడిన గుంపు తరఫున సంజాయిషీ చెప్పమని ఆ గుంపుకు చెందిన ఒక్క పిల్లను నిలబెట్టడం మాత్రం ఎన్నడూ చేయకూడని పని.

ఎంతవరకు పనిచేస్తుంది

ఒక్కపూట వర్క్‌షాప్‌తో మనుషులు మారిపోతారని చెప్పేవారిని నమ్మనక్కర్లేదు. దురభిప్రాయాలు తగ్గించే ప్రయత్నాలపై 2007 నుంచి 2019 దాకా వెలువడిన 418 ప్రయోగాలను మనస్తత్వవేత్త ఎలిజబెత్ లెవీ పాలక్ బృందం 2021లో సమీక్షించింది. ఎక్కువ భాగం కాసేపట్లో ముగిసే తేలికపాటి ప్రయత్నాలే, వాటి ప్రభావం ఎంతకాలం నిలుస్తుందన్నదానికి ఆధారాలు బలహీనమే.

అయితే మనదేశంలోనే కొన్ని బలమైన ఆధారాలున్నాయి. మ్యాట్ లో అనే ఆర్థికవేత్త ఉత్తరప్రదేశ్‌లో 1,261 మంది యువకులతో క్రికెట్ లీగులు నడిపించాడు. వేర్వేరు కులాలవాళ్లు ఒకే జట్టులో ఆడినచోట కులం దాటిన స్నేహాలు పెరిగాయి, వేరే కులంవాళ్లు ప్రత్యర్థులుగా ఎదురైనచోట తగ్గాయి. ఒకేచోట చేర్చినంత మాత్రాన చాలదని, ఎలా చేర్చామన్నదే ముఖ్యమని ఆల్‌పోర్ట్ చెప్పినదానికి 2021లో ప్రచురితమైన ఈ అధ్యయనం మైదానం నుంచి వచ్చిన సాక్ష్యం. దిల్లీ ప్రైవేటు బడుల్లో పేదపిల్లలతో కలిసి చదివిన సంపన్నుల పిల్లల్లో ఉదారత పెరిగి వివక్ష తగ్గిందని ఆర్థికవేత్త గౌతం రావు 2019లో ప్రచురించాడు.

వర్క్‌షాపులకు అతి దగ్గరి ఉదాహరణ హర్యానాది. బ్రేక్‌త్రూ అనే సంస్థ ప్రభుత్వ బడుల్లో ఏడో తరగతి నుంచి రెండున్నరేళ్లపాటు, రెండు మూడు వారాలకొకసారి, 45 నిమిషాల చొప్పున ఆడ, మగ మూసల గురించి పిల్లలతో మాట్లాడించింది. ఇంటిపని ఎవరిది, ఆడపిల్లకు పైచదువు ఎందుకు, ఎవరు ఏడవొచ్చు అన్నవే విషయాలు. దివా ధర్, తరుణ్ జైన్, సీమా జయచంద్రన్ 314 బడుల్లో దీన్ని అంచనా వేసి 2022లో ఫలితాలు ప్రకటించారు. వివక్షతో కూడిన అభిప్రాయాల్లో 16 శాతం సమానత్వం వైపు మారాయి, కార్యక్రమం ముగిసిన రెండేళ్లకూ ఆ మార్పు నిలిచింది. ఇంటిపనిలో చేయి వేస్తున్నామని చెప్పిన అబ్బాయిలు పెరిగారు. అడిగినవారిని మెప్పించడానికి పిల్లలు మంచి జవాబులు చెబుతారన్న అనుమానంతో, మెప్పుకోసం మాట్లాడే ధోరణి ఎవరిలో ఎంతుందో కొలిచే ప్రశ్నలను కూడా పరిశోధకులు ముందే అడిగి పెట్టుకున్నారు. ఆ తర్వాత పంజాబ్, ఒడిశా ప్రభుత్వాలు ఈ పాఠాలను తమ బడుల్లోకి తీసుకున్నాయి. అక్కడ వీటిని నడిపే బాధ్యత ఆ బడుల్లోని ఉపాధ్యాయులదే.